దూరదర్శన్ పిల్లల కార్యక్రమాలు: అందులో తెలుగుకి ఎంత దక్కింది?

ఎంవీపీ_మధు

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మా పాప, ఏడో తరగతి, ఒక ప్రశ్న అడిగింది. "నాన్నా, నీ చిన్నప్పుడు టీవీలో తెలుగు కార్టూన్లు ఏమొచ్చేవి?" అని. గబగబా చెప్పడం మొదలెట్టాను, మోగ్లీ వచ్చేది, డక్‌టేల్స్ వచ్చేది, టేల్‌స్పిన్ వచ్చేది, కొంచెం పెద్దయ్యాక శక్తిమాన్ వచ్చేది అని. "అవన్నీ తెలుగులోనా?" అంది. అక్కడ నోరు పడిపోయింది. ఒక్కటీ తెలుగు కాదు, అన్నీ హిందీయే. మేం విశాఖ దొండపర్తిలో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాం, పక్కింట్లో ఒరియా వాళ్ళు, ఎదురింట్లో బెంగాలీ వాళ్ళు, ఆదివారం పొద్దున అందరం ఒకే గదిలో నేల మీద కూచుని చూసేవాళ్ళం. ఏ భాషలో చూస్తున్నామన్న ఆలోచనే అప్పుడు రాలేదు.

దూరదర్శన్ పుట్టి అరవై ఏళ్ళు దాటింది, హైదరాబాద్ కేంద్రానికి కూడా యాభై ఏళ్ళు కావస్తోంది. ఇన్నేళ్ళలో పిల్లల కోసం ఏం చేశారు, అందులో మన భాష వాటా ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి. పాపకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు.

పెదవాల్తేరు_మాస్టారు

మధు గారూ, మంచి ప్రశ్న. నేను ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి బడి వైపు నుంచి మొదలుపెడతాను.

మన దేశంలో టీవీ మొదలైంది వినోదం కోసం కాదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో, యునెస్కో సాయంతో, ప్రయోగంగా మొదలుపెట్టారు. 1961లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో అక్కడి బడులకి పాఠాలు ప్రసారం చేశారు. రోజూ వచ్చే ప్రసారాలు 1965లో గానీ రాలేదు. అంటే సినిమా పాట, సీరియల్ ఇవేవీ లేని రోజుల్లోనే టీవీ బడిపిల్లల దగ్గరికి వెళ్ళింది. చాలామంది దూరదర్శన్ చరిత్ర అనగానే రామాయణం దగ్గర మొదలుపెడతారు, నాకు అది బాధగా ఉంటుంది.

ఇక తెలుగు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అని ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి నేరుగా టీవీ అందించారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరెంటు సరిగ్గా లేని ఊళ్ళు, బడి పక్కన మూడు మీటర్ల గొడుగు తిరగేసినట్టు యాంటెన్నా, దానికి కోళ్ళగూటికి వేసే లాంటి ఇనుప వల. పొద్దున పూట బడిపిల్లలకి, సాయంత్రం పెద్దలకి. హిందీ, ఒరియా, కన్నడంతో పాటు తెలుగులో కూడా. హైదరాబాద్ కేంద్రం ప్రారంభమైంది 1977 అక్టోబరు 23న. అంటే తెలుగు పిల్లల టీవీ హైదరాబాద్ కేంద్రం కంటే ముందే పుట్టింది. మీ పాపకి ముందు ఇది చెప్పండి.

గాజువాక_గిరి

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ ఆ పల్లెల లెక్కలో మన విశాఖ పిల్లలు లేరు కదండీ. మాకు తెలిసిన దూరదర్శన్ ఆదివారం పొద్దుటి దూరదర్శన్. అది పూర్తిగా ఢిల్లీది. నాకు హిందీ ముక్క వచ్చేది కాదు. మా నాన్న పోర్టులో కళాసీ, ఇంట్లో టీవీ లేదు, ఓనరు గారి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి చూసేవాణ్ణి. లోపల కూర్చున్న పిల్లలు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకు నవ్వారో తెలిసేది కాదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది చిన్న విషయం కాదు. ఇప్పటికీ మర్చిపోలేదు.

మల్కాపురం_లత

గిరి గారూ, మీరు రాసింది చదివి మనసు కలుక్కుమంది. మా వైపు ఇంకోలా జరిగింది, అదీ చెప్తాను.

మా ఇల్లు నేవీ క్వార్టర్స్‌కి దగ్గర. మా వీధిలో ఒక నేవీ ఆయన అద్దెకి దిగారు, ఉత్తరాది వాళ్ళు, వాళ్ళబ్బాయికి నా వయసే. 1993లో మోగ్లీ మొదలైనప్పుడు మా ఇంట్లోనే చూసేవాళ్ళం, ఎందుకంటే వాళ్ళకి టీవీ లేదు, మాకు హిందీ లేదు. వాడు టీవీకి పక్కన గోడకి ఆనుకుని కూచుని, తెర వైపు కాకుండా మా వైపు తిరిగి, పులి షేర్ ఖాన్ మాట్లాడినప్పుడల్లా వచ్చీరాని తెలుగులో చెప్పేవాడు. "నిన్ను తింటుంది అంటుంది" అనేవాడు. తింటాను అంటున్నాడు అనడం వాడికి వచ్చేది కాదు. మా అమ్మ వంటింట్లోంచి "ఏటర్రా ఆ గోల" అని అరిచేది, ఐదు నిమిషాలకి తనూ వచ్చి గడప మీద కూచునేది. రెండేళ్ళలో వాడి తెలుగు మా తెలుగు అయిపోయింది, నా హిందీ ఇప్పుడు ఆఫీసులో అన్నం పెడుతోంది.

ఆ మోగ్లీ కూడా ఎక్కడిది చూడండి. కథ జరిగేది మన మధ్యప్రదేశ్ అడవుల్లో, రాసింది ఇంగ్లిష్ ఆయన, బొమ్మలు గీసింది జపాన్ వాళ్ళు, 1989లో నిప్పన్ యానిమేషన్ తీసిన 52 భాగాల సీరియల్. మన దగ్గరికి వచ్చేసరికి గుల్జార్ పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు, షేర్ ఖాన్‌కి నానా పటేకర్ గొంతు. పరాయి బొమ్మల్ని తెచ్చి ఇంత శ్రద్ధగా మనవి చేసుకున్నారు కదా, అంత శ్రద్ధా తెలుగు పిల్లల కోసం కూడా ఒక్కసారి పెట్టి ఉంటే అనిపిస్తుంది.

గాజువాక_గిరి

లత గారూ, మీ వీధికి ఆ అబ్బాయి దొరికాడు. మా వీధికి దొరకలేదు.

డాబాగార్డెన్స్_మెకానిక్

నేను 1986 నుంచి టీవీలు బాగు చేస్తున్నాను. గిరి తమ్ముడూ, నీ కోపం న్యాయమే, కానీ అది ఎందుకలా జరిగిందో నా పని వైపు నుంచి చెప్తాను, అర్థమవుతుంది.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళింది. దానికి ముందు 1982లో పంపిన 1ఎ కొన్ని నెలలకే పాడైపోయింది. 1బి పనిచేయడం మొదలయ్యాక 1984లో రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతా పెట్టుకుంటూ పోయారు. అవి చాలావరకు తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు. వాటికి స్టూడియో ఉండదు, కెమెరా ఉండదు. పైనుంచి ఢిల్లీ ఏది పంపితే అది అందుకుని చుట్టుపక్కల ఊళ్ళకి వదలడమే వాటి పని. ప్రసారం చేసే పెట్టె ఊరికి వచ్చింది గానీ, కార్యక్రమం తయారుచేసే చోటు రాలేదు. మనకి తెలుగులో ఏం రావాలన్నా హైదరాబాద్ రామంతపూర్ స్టూడియోలో తయారై రావాలి. ఆ ఒక్క కేంద్రానికి దక్కింది సాయంత్రం కాస్త సమయం. రాత్రి ఎనిమిదిన్నర దాటితే జాతీయ కార్యక్రమం, ఆదివారం పొద్దున కూడా ఢిల్లీయే. ఆ సాయంత్రం ముక్కలోనే రైతులకి, ఆడవాళ్ళకి, వార్తలకి, సినిమా పాటలకి, నాటకాలకి అన్నిటికీ చోటు కావాలి. మరి పిల్లలకి మిగిలేది ఎంత? ఎవరూ కావాలని తీసేయలేదు, అసలు వాళ్ళ చేతికి వచ్చిన గంటలే తక్కువ.

తెలుగు వార్తలు కూడా 1983 నవంబరు 14న గానీ మొదలవలేదు, శాంతిస్వరూప్ గారు చదివారు. బాలల దినోత్సవం నాడు మొదలైంది, పెద్దల వార్తలతో.

ఇంకో మాట, మన ఊరికే చెందినది. ఇక్కడ ఉప్పుగాలి. బీచ్ రోడ్ వైపు ఇళ్ళలో యాంటెన్నా ఏడాది తిరక్కుండా జబ్బు పడేది. ఫ్లాట్ వైరు యాంటెన్నాకి కలిసే చోట స్క్రూల మీద తెల్లగా సున్నంలా పొడి పట్టేది, బొమ్మ మీద మంచు కురిసేది. ఇసుక కాగితంతో గీకి, గ్రీజు రాసి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దారంతో బిగించేవాణ్ణి. నాకు ఎక్కువ పిలుపులు వచ్చేది శనివారం సాయంత్రం. పిల్లలే వచ్చేవారు, పెద్దలు కాదు. "అంకుల్, రేపు పొద్దున్నలోపు" అని సైకిల్ పట్టుకుని నిలబడేవారు. డబ్బులు తర్వాత వాళ్ళ నాన్నలు ఇచ్చేవారు.

చందమామ_రేవతి

మెకానిక్ గారూ, ఆ తెల్ల పొడి మాట చదవగానే మా మేడ కళ్ళముందుకి వచ్చింది.

హిందీ అడ్డం అని అందరూ అంటున్నారు గానీ ఒక్క చోట మనకి అడ్డం కాలేదు. 1985లో రామానంద్ సాగర్ తీసిన విక్రమ్ ఔర్ బేతాల్. చందమామలో బేతాళ కథలు చదివిన ఇల్లయితే ఇంకేం కావాలి? చెట్టు దగ్గరికి వెళ్ళడం, శవాన్ని భుజాన వేసుకోవడం, మౌనం పోగానే మళ్ళీ చెట్టెక్కడం అన్నీ మాకు ముందే తెలుసు. హిందీ రాకపోయినా ఆ రాజు ఎప్పుడు నోరు తెరుస్తాడో చెప్పగలిగేవాళ్ళం. మా తాతగారు ఆ అరగంటకి ముందే కథ ఏదై ఉంటుందో పందెం కట్టేవారు, బెల్లం ముక్క పందెం. చాలాసార్లు ఆయనే గెలిచేవారు, ముక్క మాత్రం మాకే ఇచ్చేవారు.

మాల్గుడి డేస్ కూడా అంతే. శంకర్ నాగ్ కర్ణాటకలో అగుంబెలో తీశారు. ఆ అరుగులు, ఆ పెంకుటిళ్ళు, పంచె కట్టిన తాతలు చూస్తే మన విజయనగరం వైపు ఊళ్ళు చూసినట్టే ఉండేది. స్వామి బడికి వెళ్ళనని తలనొప్పి అంటే దానికి అనువాదం అక్కర్లేదు. అంటే పిల్లలకి భాష ఒక్కటే ముఖ్యం కాదు, కథలో తమ ఇల్లు కనపడాలి. డక్‌టేల్స్ నాకు అందుకే ఎక్కలేదు, మా తమ్ముడు ప్రాణం పెట్టేవాడనుకోండి.

అనకాపల్లి_టీచరమ్మ

మాస్టారు గారు బడి సంగతి ఎత్తారు కాబట్టి తర్వాతి భాగం నేను చెప్తాను, అందులో నేనూ ఉన్నాను.

సైట్ అయిపోయాక ఆ పని ఆగలేదు. ఇన్సాట్ వచ్చాక బడి టీవీని మళ్ళీ మొదలుపెట్టారు. బడి కార్యక్రమాలు తయారుచేయడానికి ఢిల్లీలో సీఐఈటీ అనే కేంద్ర సంస్థ, ఆరు రాష్ట్రాల్లో ఎస్ఐఈటీలనే రాష్ట్ర సంస్థలు పెట్టారు, వాటిలో మనదొకటి. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి వేరుగా, తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి వేరుగా కార్యక్రమాలు. తెలుగులోనే తీసేవారు. విత్తనం ఎలా మొలకెత్తుతుంది, నీడ ఎందుకు పొట్టిదవుతుంది, కాగితంతో గాలిమర ఎలా చేయాలి, ఇలాంటివి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడికి కలర్ టీవీ వచ్చింది. మా ఊళ్ళో అదే మొదటి కలర్ టీవీ.

దాన్ని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. పాడైతే జవాబు చెప్పాలని భయం. తాళం చెవి ఉన్నాయన సెలవు పెడితే ఆ రోజు పాఠం లేదు. ఉన్న రోజు కరెంటు లేదు. రెండూ కుదిరిన రోజులు మాత్రం నేను మర్చిపోలేను. నలభైమంది పిల్లలు, మోకాళ్ళు ఒకరికొకరికి తగిలేంత దగ్గరగా, ఊపిరి బిగబట్టి. ఒకసారి తెర మీద గాలిమర తిరిగితే ముందు వరసలో పిల్ల నోటితో ఊదింది, తన ఊపిరికే తిరుగుతోందనుకుంది. మర్నాడు ఆ పిల్ల తాటాకుతో ఒకటి చేసి తెచ్చింది, కాగితం దొరకలేదట.

మధు గారూ, తెలుగులో పిల్లల కోసం దూరదర్శన్ ఏం వేసిందంటే నా జవాబు ఇదే. వేసింది. కానీ పిల్లలు బడిలో ఉన్న వేళ, బడి టీవీ కోసం వేసింది. ఇంట్లో టీవీ ఉన్న పట్నం పిల్లలు చూసే వేళకి అది రాలేదు. పల్లె పిల్లలకి తాళం అడ్డం వచ్చింది. మధ్యలో పడి అది ఎవరి జ్ఞాపకంలోనూ మిగల్లేదు.

ఎంవీపీ_మధు

టీచరమ్మ గారూ, ఊదిన పాప సంగతి మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా అమ్మాయి "తాటాకుతో గాలిమర ఎలా చేస్తారు?" అని అడిగింది. నాకు రాదు. మీరు చెప్పాలి.

ఇంత జరిగిందని నాకు నిజంగా తెలీదు. అయితే మరో ప్రశ్న. శాటిలైట్ ఛానెళ్ళు వచ్చాక గంటలు తక్కువ అన్న సమస్య పోయింది కదా, అప్పుడైనా ఎందుకు రాలేదు?

స్టీల్‌ప్లాంట్_2001

నేను 2001లో పుట్టాను, నా తరం మాట నేను చెప్తాను. ఉక్కునగరంలో పెరిగాను. దూరదర్శన్ నాకు మా నానమ్మ గదిలో ఉండే ఛానెల్. నా బాల్యం అంతా పోగో అనే కార్టూన్ల ఛానెల్. ఛోటా భీమ్ 2008లో వచ్చింది, తీసిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాద్ కంపెనీ. కానీ నేను మొదట చూసింది హిందీలోనే. హైదరాబాద్‌లో గీసిన బొమ్మని విశాఖ పిల్లాడు హిందీలో చూశాడు. 2009లో సన్ వాళ్ళు ఖుషీ టీవీ పెట్టాకే రోజంతా తెలుగులో కార్టూన్లు చూశాను, అందులో ఎక్కువ డబ్బింగ్. అయినా మా చెల్లి మాట్లాడే తెలుగు బాగుపడింది, ఇది నిజం. "బుజ్జీ, పదవే పోదాం" అని దాని బొమ్మలతో మాట్లాడేది, మేమెవరం ఇంట్లో అలా మాట్లాడం.

పెదవాల్తేరు_మాస్టారు

మధు గారి ప్రశ్నకి నా ఉద్దేశం చెప్తాను. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది, బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరం ఎలా పలకాలో చెప్పేవారు. అది గొప్ప పని, కాదనను. కానీ పిల్లలు కనిపించే కార్యక్రమం వేరు, పిల్లలు చూసుకునే కార్యక్రమం వేరు. పాటల పోటీని చూసి మురిసిపోయేది అమ్మానాన్నలు. తర్వాత వచ్చిన డాన్సు పోటీలయితే మరీను, పదేళ్ళ పిల్లలతో పెద్దల పాటలకి ఆడించారు. ప్రకటనలిచ్చేవాళ్ళు పెద్దల్ని చూసి ఇస్తారు. బొమ్మల సీరియల్ ఒకటి కొత్తగా తీయడానికి బోలెడు ఖర్చు, ఒక్క తెలుగులో వేస్తే గిట్టదు, అందుకని పది భాషలకి కలిపి ఒకటి తీసి గొంతులు మారుస్తారు. 2021లో వచ్చిన ఈటీవీ బాలభారత్ కూడా చాలా భాషల్లో ఒకేసారి పెట్టినదే.

రేడియోకి ఈ ఖర్చు లేదు. అందుకే న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల్నే మైకు ముందుకి తెచ్చి పిల్లల కోసమే తెలుగులో అంత చేయగలిగారు. మా చిన్నప్పుడు వాళ్ళ గొంతు వినపడితే ఆట ఆపేసి వచ్చేవాళ్ళం. టీవీకి అలాంటి అన్నయ్య, అక్కయ్య దొరకలేదు. నాకు ఉన్న బాధల్లో ఇదొకటి.

గాజువాక_గిరి

మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను. కిటికీ దగ్గర నిలబడ్డ నాకు కావలసింది అదే, నా భాషలో నన్ను పిలిచే ఒక మనిషి.

శక్తిమాన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 1997 నుంచి 2005 దాకా నడిచింది. అప్పటికి నేను పెద్దవాణ్ణే, మా అక్క పిల్లలు చూసేవారు. మధ్యాహ్నం పన్నెండింటికి వీధి ఖాళీ అయ్యేది, ఒంటిగంటకి వీధినిండా పిల్లలు మెడకి తుండుగుడ్డ కట్టుకుని గిర్రున తిరిగేవారు. చివర్లో శక్తిమాన్ వేషం వేసిన ముకేశ్ ఖన్నా మంచి అలవాట్లు చెప్పేవాడు, తనలా చేయొద్దని పిల్లల్ని హెచ్చరించేవాడు కూడా. ఆ మాటలు హిందీలోనే. తిరగడం అందరికీ అర్థమైంది, వద్దన్న మాట ఎంతమందికి అర్థమైందో.

డాబాగార్డెన్స్_మెకానిక్

ఇది సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ.

అనకాపల్లి_టీచరమ్మ

మధు గారూ, తాటాకు గాలిమర: లేత ఆకు రెండు రెబ్బలు తీసుకుని ఒకదానిలో ఒకటి దూర్చి అడ్డంగా, నిలువుగా పెట్టి, మధ్యలో తుమ్మముల్లు గుచ్చాలి. ముల్లు వెనకాల జొన్నచొప్ప పుల్ల. పట్నంలో తుమ్మముల్లు దొరక్కపోతే గుండుసూది చాలు.

ఇంకో సంగతి. కరోనా ఏడాది, 2020లో, బడులు మూతపడ్డప్పుడు మన రాష్ట్రంలో పిల్లలకి పాఠాలు చెప్పింది మళ్ళీ దూరదర్శనే. డీడీ సప్తగిరిలో ముందు పదో తరగతికి విద్యామృతం, తర్వాత చిన్న తరగతులకి కూడా విద్యావారధి. ఫోన్లు లేని ఇళ్ళలో అదే బడి. అప్పటికి నేను రిటైరయ్యాను. మా పనిమనిషి కూతురు మా హాల్లో కూచుని చూసేది, నోట్సు రాసుకునేది. ఈసారి టీవీకి తాళం లేదు.

మల్కాపురం_లత

ఇంత చర్చ జరిగాక నేను ఒక విషయం బయటపెట్టాలి. మా అక్క ఆరో తరగతిలో ఉండగా వాళ్ళ బడి పిల్లలు పన్నెండుమందిని హైదరాబాద్ దూరదర్శన్‌లో బృందగానానికి తీసుకెళ్ళారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా నిద్రపోకుండా ప్రాక్టీసు. రామంతపూర్‌లో దీపాల వేడికి తల్లో పూలు వాడిపోయాయట, కెమెరా వైపు చూడొద్దని అంటే అందరూ పైకప్పు వైపు చూశారట. అది ప్రసారమైన సాయంత్రం మా మావయ్య ఎవరిదో వీసీఆర్ తెచ్చి క్యాసెట్ చేశారు. తెలుగులో, పిల్లల కోసం, పిల్లలు పాడినది. ఆ క్యాసెట్ మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. నిన్న తీసి చూశాను, లోపల టేపు అంచున తెల్లగా బూజు పట్టింది. ఇప్పటివరకూ వేసి చూసే దారి లేదు. ఎవరి దగ్గరైనా పనిచేసే వీసీఆర్ ఉందా?

డాబాగార్డెన్స్_మెకానిక్

అమ్మా, బూజు ఉండగా ఎక్కడా వేయకండి, టేపు తెగిపోతుంది, హెడ్ పాడవుతుంది. ఎండలో కూడా పెట్టకండి. నా దగ్గర వీసీఆర్ ఉంది, లోపల బెల్టు సాగిపోయింది, కొత్తది తెప్పించాలి. క్యాసెట్ విప్పి, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడుచుకుంటూ చుట్టాలి, ఒక పూట పడుతుంది. వచ్చే ఆదివారం కాకుండా పై ఆదివారం పొద్దున తీసుకురండి.

ఎంవీపీ_మధు

మేమిద్దరం కూడా రావచ్చా? పాప అడుగుతోంది.

మల్కాపురం_లత

తప్పకుండా రండి. అక్కకి ఇప్పుడే ఫోన్ చేశాను, తనూ వస్తానంది. గిరి గారూ, మీరు కూడా రావాలి, లోపల కూచుని చూద్దురు గాని.